మంచి ఫోటో: ప్లానా, అదృష్టమా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. కెమెరా కొని రెండేళ్ళయింది. ఉద్యోగం బెంగళూరులో, వైట్‌ఫీల్డ్ వైపు. నెలకు రెండు శనివారాలు తెల్లవారకముందే లేచి, యాప్‌లో సూర్యోదయం టైం చూసుకుని నంది హిల్స్ దాకా వెళ్ళొస్తున్నారు. ఫోటోలు నీట్‌గానే వస్తున్నాయి, కానీ ఒక్కటీ మనసులో నిలబడటం లేదు. ఈలోపు మీ టీంలో ఒకాయన టీకొట్టు దగ్గర నిలబడి ఫోన్‌తో తీసిన ఫోటో చూసి ఆఫీసంతా ముచ్చటపడింది. "అంతా లక్కే అయితే ఈ ప్లానింగ్ దేనికండీ? ఇంకో లెన్స్ కొంటే ఏమైనా మారుతుందా?" అని అడిగారు.

లెన్స్ సంగతి ముందే చెప్పేస్తాను. వద్దు. కనీసం ఈ ఏడాది వద్దు. మిగతాదానికి కొంచెం పెద్ద జవాబే రాయాలి.

నేను ప్రొఫెషనల్‌ని కాను. అకౌంట్స్ ఉద్యోగం నాది. 1998లో మదనపల్లె నుంచి ఈ ఊరికి వచ్చాను. అప్పటినుంచీ ఆదివారాలు కెమెరాతో తిరగడం అలవాటు. ఫిల్మ్ రోజుల్లో రోల్‌కి 36 ఫోటోలు. కడిగించి ప్రింట్లు వేయించేసరికి జేబు ఖాళీ. ఇప్పుడు ఒక్క ఉదయంలో మూడొందలు కొట్టి ఇంటికొస్తాను. ఇన్నేళ్ళలో తీసినవాటిలో, ఎవరికైనా చూపిస్తే మాట ఆపి చూసినవి పాతికో ముప్పయ్యో ఉంటాయి. మొన్న దీపావళి సెలవుల్లో వాటిని వరసగా పెట్టుకుని ఒక పని చేశాను. ఒక్కో ఫోటోలో నేను ముందే అనుకున్నదేంటి, దానంతటదే వచ్చి పడిందేంటి అని కాగితం మీద రెండు గళ్ళు గీసి రాసుకున్నాను. అకౌంట్స్ బుద్ధి, ఏం చేస్తాం.

ప్రతి ఫోటోకీ రెండు గళ్ళూ నిండాయి. అది ఊహించిందే. ఊహించనిది ఇంకొకటి కనపడింది. మొదటి గడిలో ఉన్నవన్నీ కదలనివి: ఎక్కడ నిలబడాలి, వెనక ఏముండాలి, ఎండ ఏ మూల నుంచి రావాలి, కెమెరాలో అంకెలేంటి. రెండో గడిలో ఉన్నవన్నీ కదిలేవి: మనుషులు, పక్షులు, పొగ, నీళ్ళు, ఎవరిదో ఒక చూపు. కదిలేవాటిని కూడా ముందే రాసిపెట్టుకుని తీసిన ఫోటో ఆ ముప్పైలో ఒక్కటీ లేదు. కదలనివాటిని కూడా గాలికి వదిలేసి తీసినదీ లేదు. (సూర్యుడు కదుల్తాడు కదా అంటారేమో. ఆయనది సిటీ బస్సు టైమింగ్ కాదు, చెప్పిన నిమిషానికి చెప్పిన చోటే ఉంటాడు. అందుకే ఆయన్ని మొదటి గడిలో వేశాను.)

ఒక ఫోటో కథ వివరంగా చెప్తాను, మిగతావి దాన్నిబట్టి అర్థమవుతాయి.

2011 డిసెంబర్. మా ఆవిడ పూజకి పూలు తెమ్మంటే పొద్దున్నే కె.ఆర్. మార్కెట్‌కి వెళ్ళాను. కెమెరా కూడా తీసుకెళ్ళలేదు. మార్కెట్ బయట సందులో నీలం టార్పాలిన్ పట్టాలు కట్టుకుని పూలమ్మేవాళ్ళు వరసగా కూర్చుంటారు. రెండు పట్టాల మధ్య జానెడు సందులోంచి ఎండ చారలా దిగి, ఒకామె ముందున్న బంతిపూల రాశి మీద పడుతోంది. ఆమె వెనక మూసి ఉన్న కొట్టు షట్టర్, నీడలో కారునలుపు. టైం చూశాను, ఎనిమిదీ పది. చార ఆమె రాశి దాటి పక్కనున్న గోనెసంచుల మీదికి జరిగేసరికి ఎనిమిదీ ఇరవై అయిదు. అంటే పదిహేను నిమిషాలు. ఈ చోటు కనపడటం ఉత్త అదృష్టం, ఇందులో నా గొప్పేమీ లేదు.

తర్వాతిదంతా లెక్క. డిసెంబర్ 21 ప్రాంతంలో సూర్యుడి దారి రోజు రోజుకీ పెద్దగా మారదు. కాబట్టి ఆ సందులోంచి ఆ ఎండ రెండు మూడు వారాల పాటు దాదాపు అదే టైంకి, అదే చోట పడుతుంది. అదే మార్చిలో అయితే నాలుగు రోజులకే చార తప్పిపోయేది, ఆ నెలలో సూర్యుడు ఉత్తరానికి గబగబా జరుగుతాడు. సరే, నాకు మూడు నాలుగు ఆదివారాలు చేతిలో ఉన్నాయన్నమాట.

మొదటి ఆదివారం వెళ్ళాను. ఎండ వచ్చింది, కానీ సరిగ్గా ముందుకొచ్చి ఒక తోపుడుబండి ఆగింది. రెండో ఆదివారం మబ్బు. మూడో ఆదివారం ఎండ ఉంది, పూలున్నాయి, ఆమె లేదు, వాళ్ళబ్బాయి కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. కానీ ఈ మూడు వారాల్లో మిగతావి తేలిపోయాయి. నిలబడి తీస్తే షట్టర్ పైన బోర్డు వస్తోంది, కిందికి కూర్చుంటే వెనక అంతా నలుపే. కాబట్టి ఖాళీ ప్లాస్టిక్ క్రేట్ బోర్లించుకుని కూర్చోవాలి. ఎండ పడిన బంతిపూల మీద వెలుగు చూసుకుంటే ఐఎస్‌ఓ (కెమెరా వెలుగుని ఎంత గట్టిగా పట్టుకోవాలో చెప్పే అంకె) 200, ఎఫ్ (లెన్స్ ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె) 5.6, వెలుగు లోపలికి పడే సమయం సెకనులో వెయ్యో వంతు. కెమెరాని ఆటోలో ఉంచితే చుట్టూ ఉన్న నలుపు చూసి కంగారుపడి ఎక్కువ వెలుగు తీసుకుంటుంది, పూలు తెల్లగా పేలిపోతాయి. అందుకే మాన్యువల్‌లో, అంటే అంకెలు నేనే ఎంచుకునేలా, పెట్టి వదిలేశాను.

ఇంకొకటి కూడా గమనించాను. వాడిపోకుండా పూలమ్మేవాళ్ళు కాసేపటికొకసారి బకెట్‌లో చెయ్యి ముంచి నీళ్ళు చిలకరిస్తారు. ఈమె పావుగంటకొకసారి చిలకరిస్తోంది. ఎండ ఉండేదీ పావుగంటే. అంటే రోజుకొక్క ఛాన్సు.

నాలుగో ఆదివారం క్రేట్ మీద కూర్చోగానే ఆమె అడగనే అడిగింది. "ఏమన్నా, మూడు వారాలనుంచి చూస్తాండా. పూలు కొనవు, పక్కకు పోవు. ఏం కావాల్ల నీకు?" హిందూపురం వైపు మాట. నా ప్రాణం లేచొచ్చింది. మాదీ ఆ చుట్టుపక్కలే అక్కా, ఎండ నీ పూల మీద పడేటప్పుడు ఒక ఫోటో తీసుకుంటా అన్నాను. "ఎండలో ఏముంది ఫోటో," అని నవ్వి తన పనిలో పడిపోయింది. రెండు మూరల కనకాంబరాలు కొన్నాను, న్యాయంగా ఉండాలి కదా.

ఎనిమిదీ పదిహేనుకి బకెట్‌లో చెయ్యి ముంచింది. నేను నొక్కడం మొదలుపెట్టాను. చెయ్యి విదిలించింది, నీటి చుక్కలు ఎండ చారలోకి ఎగిరాయి. వెనకనుంచి ఎండ, దాని వెనక నలుపు, ఒక్కో చుక్కా విడివిడిగా మెరిసింది. సరిగ్గా అప్పుడే తలమీద బుట్టతో ఒక కూలీ ఆమెకు తగులుతూ వెళ్ళాడు. ఆమె తల తిప్పి "చూసుకుని పోరాదా!" అని అరిచింది. ఆ అరుపు, ఆ చుక్కలు, సగం ఎండలో సగం నీడలో ఆ మొహం, అన్నీ ఒకే ఫ్రేములో పడ్డాయి. దానికి ముందు ఆరు ఫ్రేములు, తర్వాత నాలుగు, అన్నీ మామూలువి.

ఇప్పుడు చెప్పండి, ఇది ప్లానా, లక్కా? ఎండ, నలుపు, కూర్చునే ఎత్తు, అంకెలు నావి. నీళ్ళు కొంచెం నావి, ఎందుకంటే ఎప్పటికైనా చిలకరిస్తుందని తెలుసు. కూలీ మాత్రం పూర్తిగా దేవుడు పంపినవాడు. కానీ ఆయన వచ్చిన ఆ క్షణంలో నేను ఐఎస్‌ఓ ఎంత పెట్టాలి, బోర్డు అడ్డమొస్తోందా అని ఆలోచిస్తూ ఉండి ఉంటే దేవుడు పంపినా దొరికేవాడు కాదు. నా మటుకు ప్లాన్ వల్ల ఉపయోగం ఇదొక్కటే: ఆ క్షణానికి నేను ఆలోచించాల్సింది ఏమీ మిగలకూడదు.

ఫోన్‌తో తీసేవాళ్ళకీ ఇదే. వెలుగు పడినచోట తెర మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుగు రెండూ అక్కడ లాక్ అవుతాయి. వేలితో కిందికి జరిపి కాస్త చీకటి చేసుకుని కూర్చోండి. అన్నట్టు, ముందు లెన్స్ తుడవండి. జేబులో, చేతిలో నలిగిన ఫోన్ లెన్స్ మీద ఎప్పుడూ వేలిముద్రే ఉంటుంది. ఎండకి ఎదురుగా తీస్తే ఫోటో అంతా మసక. సగం మంది ఫోన్ మార్చాలనుకునేది ఈ మసక చూసే.

పెద్దవాళ్ళ ఫోటోల్లోనూ ఇదే కనపడుతుంది. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ అని ప్రసిద్ధ ఫోటోగ్రాఫర్. 1941లో ఒక సాయంత్రం కారులో వెళ్తుంటే న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ అనే పల్లె పక్కన చందమామ పైకొచ్చి ఉంది, కింద సమాధుల తెల్ల సిలువల మీద చివరి ఎండ. కారు ఆపి పెద్ద కెమెరా బయటికి తీశాడు. వెలుగు కొలిచే మీటర్ ఎక్కడ పెట్టాడో దొరకలేదు. మనమైతే అక్కడే ఆగిపోతాం. ఆయనకి చందమామ వెలుగు చదరపు అడుగుకి 250 క్యాండిల్స్ (అది వెలుగు కొలత) అని నోటికి వచ్చు. మనసులోనే లెక్కగట్టి, ఎఫ్ 32, ఒక సెకను పెట్టి ఒక్క ఫిల్మ్ షీట్ మీద ఫోటో తీశాడు. రెండోది తీద్దామని ఫిల్మ్ తిప్పేలోపు సిలువల మీద ఎండ పోయింది. ఆ ఎండ, ఆ చందమామ అలా కలవడం అదృష్టం. ఆ 250 అంకె మాత్రం ఆ సాయంత్రం దొరికింది కాదు, ఎన్నో ఏళ్ళ పని.

తమాషా ఏంటంటే ఆయన తేదీ రాసుకోలేదు. సంవత్సరం కూడా ఒక్కోసారి ఒక్కోలా చెప్పేవాడు. చివరికి ఖగోళం తెలిసినవాళ్ళు ఫోటోలో చందమామ ఎక్కడుందో కొలిచి, 1941 నవంబర్ 1 సాయంత్రం 4:49 అని తేల్చారు. ఆకాశం లెక్క అంత గట్టిది.

లెక్క గట్టిదని నమ్మి నేను బోర్లాపడిన సందర్భం కూడా ఉంది. మీకు ఇది ఎక్కువ పనికొస్తుందేమో.

గవిపురం గుట్ట దగ్గర గవి గంగాధరేశ్వర గుహాలయం తెలుసుగా. సంక్రాంతి రోజు సాయంత్రం సూర్యకిరణాలు నంది కొమ్ముల మధ్యగా వెళ్ళి లోపల శివలింగం మీద పడతాయి. ప్రాంగణంలో ఒకే రాతిలో చెక్కిన సూర్యపాన, చంద్రపాన అనే పెద్ద రాతి చక్రాలున్నాయి. లోపల ఫోటో సంగతి నేను పెట్టుకోలేదు. ఆ రాతిచక్రం వెనకనుంచి ఎండ రావాలి, దాని నీడ జనం మీద పడాలి, అదీ నా బొమ్మ. ముందురోజే వెళ్ళి చోటు చూసుకున్నాను. సంక్రాంతి రోజు మూడింటికే వెళ్ళి నిలబడ్డాను. ఇసుక వేస్తే రాలనంత జనం. సరిగ్గా అయిదు కావస్తుండగా పడమట మబ్బు మూసుకుంది.

పది నిమిషాలు చూశాను, తిట్టుకున్నాను, కెమెరా సంచిలో పెట్టి జిప్ వేశాను. తల ఎత్తేసరికి నా పక్కనే ఒక తాత మనవణ్ణి భుజాల మీదికి ఎక్కించుకున్నాడు. ఆ పిల్లాడు రెండు చేతులూ జోడించి ఆ మబ్బుకే దండం పెడుతున్నాడు. వాడి వెనక రాతిచక్రం గుండ్రంగా, సరిగ్గా తల చుట్టూ. ఎండ లేకపోవడం వల్లే అంతా మెత్తటి వెలుగు. జిప్ తీసి, మూత తీసి, కెమెరా ఆన్ చేసేసరికి తాత ముందుకు కదిలిపోయాడు. నా ముప్పై ఫోటోల్లో లేని ఆ ఒక్క ఫోటో నాకు మిగతా అన్నిటికంటే బాగా గుర్తు.

అంతటితో ఊరుకోలేదు. సూర్యుడు డిసెంబర్ 21 దాకా దక్షిణానికి వెళ్ళి తిరిగొస్తాడు కాబట్టి జనవరి 14న ఉన్న దారిలోనే నవంబర్ 28 ప్రాంతంలోనూ ఉంటాడు. గడియారం ప్రకారం మాత్రం నవంబర్‌లో సుమారు ఇరవై నిమిషాలు ముందు. ఆ చిట్కా రాసిపెట్టుకోండి. సంక్రాంతికి తప్పిపోయిన వెలుగు నవంబర్ చివర్లో దొరుకుతుంది, అక్టోబర్ మొదట్లో తప్పిపోయింది మార్చి మొదట్లో దొరుకుతుంది, ఏ చోటికైనా ఇంతే. ఆ లెక్కతో ఆ ఏడాది నవంబర్‌లో వెళ్ళాను. ఆకాశం కడిగినట్టుంది. ఎండ నేను గీసుకున్న గీత మీదే వచ్చింది. ప్రాంగణంలో నేను, ఒక కుక్క. ఫోటో చాలా అందంగా వచ్చింది. క్యాలెండర్‌లో వేసుకోవచ్చు. మా అమ్మాయి చూసి "బాగుంది నాన్నా" అని వెంటనే తర్వాతి ఫోటోకి వెళ్ళిపోయింది.

మీ నంది హిల్స్ ఫోటోల జబ్బు ఇదేనని నా అనుమానం. కొండ ఎత్తు 1,478 మీటర్లు, ఎక్కడికీ పోదు. సూర్యుడు టైంకి వస్తాడు. మీ ఫోటోలో ఉన్నవన్నీ మొదటి గడిలోవే. కదిలేదేదో వచ్చి పడటానికి మీరు చోటే వదల్లేదు. పైగా మీ పక్కన రెయిలింగ్ పట్టుకుని నిలబడిన వందమందీ అదే తీస్తున్నారు. ఈసారి వెళ్తే సూర్యుడికి వీపు చూపించి నిలబడండి. మొదటి ఎండ ఆ వందమంది మొహాల మీద పడుతుంది. నిద్ర చాలక, చలికి ముడుచుకుని, అందరూ ఒకే వైపు నోరు తెరుచుకుని చూస్తూ ఉంటారు. పొగమంచు వచ్చి మూసేసినా నష్టం లేదు, మొహాలు ఇంకా బాగుంటాయి.

పక్షుల విషయంలో ప్లాన్ ఇంకా తేలిక, ఎందుకంటే పక్షులకి కొన్ని పట్టింపులున్నాయి. దిగేటప్పుడు, ఎగిరేటప్పుడు గాలికి ఎదురుగా ఉంటాయి. జక్కూరు చెరువులో గూడబాతులు, అదే పెలికాన్లు, ఈ నియమం తప్పడం నేను చూడలేదు. చలికాలం పొద్దుటిపూట ఇక్కడ గాలి ఎక్కువగా తూర్పునుంచి. కాబట్టి తూర్పుగట్టున నిలబడితే ఎండా, గాలీ రెండూ మీ వీపు వెనక, పక్షి మీ వైపే వచ్చి దిగుతుంది, మొహం మీద వెలుగుతో. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడమటి గాలి, అప్పుడు సాయంత్రాలు పడమటి గట్టు. ఇది తెలియక నేను రెండేళ్ళు పక్షుల వెనకభాగాలే తీశాను.

అదృష్టం పూర్తిగా నెత్తిన కూర్చున్న ఫోటో కూడా ఒకటుంది. 2019 డిసెంబర్ 26 సూర్యగ్రహణం. మనకిక్కడ పాక్షికం. ఎనిమిది దాటాక పట్టి, తొమ్మిదిన్నర ప్రాంతంలో బాగా కప్పేసి, పదకొండు దాటాక విడిచింది. నెలరోజుల ముందే సోలార్ ఫిల్టర్ తెప్పించి, సెలవు పెట్టి, ఇంటి ముందు ట్రైపాడ్ వేసి కూర్చున్నాను. అమ్మ ఊరినుంచి వచ్చి ఉంది. ఆవిడ గోల ఆవిడది. ఓనర్ వాళ్ళింట్లోంచి రోకలి అడిగి తెచ్చి, ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి, వాకిట్లో నిలబెడుతోంది. గ్రహణం పట్టినప్పుడు రోకలి నిలబడుతుందని నమ్మకం. (అడుగు చదునుగా ఉన్న రోకలి మంగళవారం నిలబెట్టినా నిలబడుతుంది. ఆ మాట ఆ రోజు అనలేదు.) "ఒరేయ్, ఆ మూడుకాళ్ళది కొంచెం పక్కకు జరుపు, అడ్డంగా ఉంది" అంది. జరుపుతూ కిందికి చూశాను.

వాకిట్లో కానుగ చెట్టు ఉండేది. ఆకుల సందుల్లోంచి పడే ఎండ మామూలుగా గుండ్రటి చుక్కలుగా ఉంటుంది. నిజానికి ఒక్కో చుక్కా సూర్యబింబమే, ఆకుల మధ్య సందు సూదిబెజ్జం కెమెరాలా (లెన్స్ లేకుండా చిన్న బెజ్జంతోనే బొమ్మ పడేది) పనిచేస్తుంది. ఆ రోజు సూర్యుడే నెలవంకలా ఉన్నాడు కాబట్టి వాకిలంతా, గోడంతా, పళ్ళెంలో నీళ్ళ మీద, రోకలి మీద, అమ్మ చీర మీద వందల నెలవంకలు. అమ్మ రోకలి పట్టుకుని, నిలబడిందా లేదా అని వంగి చూస్తోంది. జేబులోంచి ఫోన్ తీసి రెండు కొట్టాను. ట్రైపాడ్ మీద కెమెరాతో తీసిన గ్రహణం ఫోటోలు అరవై దాకా ఉన్నాయి, అవి ఎవరివో, నావో నాకే తెలియదు. ఫోన్‌తో తీసింది మా ఇంట్లో ఫ్రేము కట్టించి ఉంది.

అది ఉత్త లక్కే అని మొదట రాసుకున్నాను. తర్వాత మొదటి గడిలో "సెలవు పెట్టడం" అని చేర్చాను. ఆ టైంకి ఆఫీసు ఏసీ గదిలో ఉంటే రోకలీ లేదు, నెలవంకా లేదు.

నా సొంత తప్పు ఒకటి చెప్పి ముందుకెళ్తాను. చైత్ర పౌర్ణమి రాత్రి కరగ ఉత్సవం చూడటానికి ధర్మరాయస్వామి గుడి దగ్గరికి వెళ్ళి, తెల్లారేదాకా చీకట్లో ఐఎస్‌ఓ 3200 పెట్టి తీసి, ఇంటికొచ్చి కెమెరా అలాగే పడేసి నిద్రపోయాను. పది గంటలకి బయట అరుపులు. మా అమ్మాయి మొదటిసారి ఎవరూ పట్టుకోకుండా సైకిల్ తొక్కుతోంది. కెమెరా లాక్కుని పరిగెత్తి పది ఫ్రేములు కొట్టాను. ఐఎస్‌ఓ ఇంకా రాత్రిదే, పదీ తెల్లకాగితాలే. ఇప్పుడు బయటినుంచి రాగానే చెప్పులు విడిచే చోటే అంకెలన్నీ పగటికి మార్చి, బ్యాటరీ చార్జింగ్ పెట్టి, కార్డు ఖాళీ చేసి అప్పుడే లోపలికి. దీన్ని కూడా ప్లానింగ్ అనే అంటాను.

ఇంకో అలవాటు, చిన్న డైరీ. గొప్పగా ఏమీ ఉండదు. "జయనగర్, గులాబీ పూల చెట్లు, మార్చి 6, సగం రాలాయి, వచ్చేసారి ఫిబ్రవరిలోనే చూడాలి." "ఉల్సూరు చెరువు, 7:20, ఎదురు భవనం అద్దాల్నుంచి ఎండ తిరిగి నీళ్ళ మీద పడింది, అయిదు నిమిషాలే." "లాల్‌బాగ్ రాతిగుట్ట, వాన తగ్గిన పావుగంటకి గుంటల్లో ఆకాశం." వీటిలో సగం ఎప్పటికీ ఉపయోగపడవు. కానీ ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఉరుములతో వాన కొట్టి ఆగితే, పేజీ తిప్పకుండానే కాళ్ళు లాల్‌బాగ్ వైపు నడుస్తాయి.

గుంపుగా ఫోటో వాక్‌లకి వెళ్ళాలా అంటే, మొదట్లో తప్పకుండా వెళ్ళండి. ఈ ఊళ్ళో అమెచ్యూర్లకి లోటు లేదు, యూత్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ 1971 నుంచి నడుస్తోంది. నేర్చుకోవడానికి అంతకంటే మంచి దారి లేదు. కానీ పదిహేనుమంది కెమెరాలతో ఒక సందులోకి దిగితే ఆ సందు మారిపోతుంది. పిల్లలు పోజులిస్తారు, పెద్దవాళ్ళు తలుపులేసుకుంటారు. ఒంటరిగా, ఒకే చోటికి, పదే పదే వెళ్ళేవాడికి దొరికేది వేరు.

మీ టీంమేట్ సంగతి అక్కడే ఉంది. ఆయన ఊరికే తీశాడని మీరనుకుంటున్నారు. ఆ టీకొట్టు దగ్గర ఆయన రోజుకి రెండుసార్లు, రెండేళ్ళుగా నిలబడుతున్నాడు. నాలుగున్నరకి ఎండ ఏ వైపునుంచి వచ్చి ఆవిరి మీద పడుతుందో, మాస్టర్ టీ ఎత్తిపోసేటప్పుడు ఏ చెయ్యి ఎక్కడికి లేస్తుందో ఆయనకి తెలుసు. తెలుసని ఆయనకి తెలియకపోవచ్చు. మీరు నంది హిల్స్‌లో రెండేళ్ళలో నలభై ఎనిమిది సార్లు నిలబడితే, ఆయన ఆ కొట్టు దగ్గర వెయ్యిసార్లు నిలబడ్డాడు. ఇద్దరిలో ఎక్కువ తయారై ఉన్నదెవరు?

అందుకని ఒక మూడు నెలలు ఇలా చేసి చూడండి. ఇంటినుంచి నడిచి వెళ్ళగలిగేంత దూరంలో ఒక్క చోటు పట్టుకోండి. ఇడ్లీ బండి కావచ్చు, పూలకొట్టు కావచ్చు, బస్టాప్ కావచ్చు. వెనక గోడ శుభ్రంగా ఉండాలి, పొద్దున గానీ సాయంత్రం గానీ పక్కనుంచి ఎండ రావాలి. మొదటి రెండు వారాలు అసలు ఫోటోలే తీయకండి, చూడండి చాలు. తర్వాత వారానికి మూడుసార్లు, ఇరవై నిమిషాలు. మీ చేతిలో ఉన్న లెన్స్ సరిపోతుంది.

ఇంటికొచ్చాక ఏరుకోవడం గురించి ఒక్కమాట. తీసిన రోజే ఏరకండి. కష్టపడి తీసింది ఆ రోజు గొప్పగా కనపడుతుంది. నేను వారం ఆగి, తర్వాత మా ఆవిడకి చూపిస్తాను. ఆమెకి నేను మూడింటికి వెళ్ళి నిలబడ్డానన్న సంగతి అక్కర్లేదు. ఆడమ్స్ ఆ ఒక్క నెగటివ్‌ని దశాబ్దాల పాటు మళ్ళీ మళ్ళీ ప్రింట్ చేస్తూ ఆకాశాన్ని నలుపు చేసుకుంటూ పోయాడు. మనం కనీసం ఒక వారం ఆగలేమా?

పూలమ్మే అక్క సంగతి మిగిలిపోయింది. ఆ ఫోటోని ఎనిమిది బై పది ప్రింట్ వేయించి తీసుకెళ్ళి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది. పక్కకొట్టు వాళ్ళకి చూపించింది. వాళ్ళు నవ్వారు. "ఏమన్నా ఇది, నోరు తెరుచుకుని అరుస్తా ఉండా! నవ్వుతా ఉండేది ఒకటి తీయకపోతివి," అంది. నిజమే కదా అని అక్కడికక్కడే ఇంకొకటి తీశాను. కొప్పు సర్దుకుని, కొంగు భుజం మీదికి లాక్కుని, కెమెరాకేసి బిగుసుకుని చూసింది. పాస్‌పోర్ట్ ఫోటోలా ఉంది. వారం తర్వాత అది ఇస్తే మొహం వెలిగిపోయింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆయుధపూజ ముందురోజు తెల్లవారుజామున నాకు ఫోన్ వచ్చేది. "అన్నా, బండ్లు దిగతాండాయి, వస్తావా?" చామంతి గుట్టలు, బూడిదగుమ్మడికాయల కొండలు, వాటి మధ్య లాంతరు వెలుగులో బేరాలు. నా రెండో గడిలో ఆ ఫోన్ల వల్ల వచ్చినవే నాలుగున్నాయి. అరిచే ఫోటో మాత్రం మొదటిరోజే నాకు తిరిగిచ్చేసింది. "ఇది నువ్వే పెట్టుకో, నాకు ఆ పాస్‌పోర్టుది చాలు," అని.